108 బండిలో రెండో మనిషి

తెలుగు నేల మీద 108 అనే అంకె తెలియని ఇల్లు ఉండదు. 2005 ఆగస్టు 15న ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, అంటే ఈఎంఆర్ఐ, హైదరాబాదులో ఈ సేవను మొదలుపెట్టింది. సత్యం కంప్యూటర్స్ అధినేత కుటుంబం స్థాపించిన ఆ సంస్థకు నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అండగా నిలిచింది. 2009లో సత్యం వ్యవహారం బయటపడ్డాక జీవీకే సంస్థ ఆ బాధ్యతను తలకెత్తుకుంది. ఇక్కడ పుట్టిన పద్ధతి తరవాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. ఈ బండిలో ఇద్దరుంటారు. స్టీరింగు పట్టుకున్న డ్రైవరును పైలట్ అంటారు. వెనక రోగి పక్కన కూర్చునేది ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. పైలట్‌కు లైసెన్సు ఎలా వస్తుందో అందరికీ తెలుసు. వెనక కూర్చున్న మనిషి ఏం చదివారో, ఎంతకాలం నేర్చుకున్నారో, ఎవరు పరీక్షించి పంపారో అడిగితే చెప్పగలిగేవారు తక్కువ.

మన దగ్గర బండి ముందొచ్చింది, చదువు వెనకబడింది. వైద్యుల విషయంలోనూ ఇదే జరిగింది. ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక పీజీ విభాగంగా మెడికల్ కౌన్సిల్ గుర్తించింది 2009లో. అప్పటికి 108 బండ్లు రోడ్డెక్కి నాలుగేళ్లయింది. బండి ఎక్కడానికి బీఎస్సీ చదివినవాళ్లనో, నర్సింగ్ పూర్తిచేసినవాళ్లనో తీసుకుని కొన్ని వారాల శిక్షణ ఇచ్చి పంపడం రివాజయింది. ఆనాటి అవసరానికి అది సరైన నిర్ణయమే. ఏళ్ల తరబడి చదివించి పంపుదామనుకుంటే ఈలోగా పోయే ప్రాణాలకు లెక్క ఉండేది కాదు. అయితే అత్యవసర ఏర్పాటుగా మొదలైన పద్ధతి శాశ్వతమైపోతే వచ్చే నష్టం వేరు. కొన్ని వారాల్లో చేతులకు పని నేర్పవచ్చు. రోగిని చూసి ఏది ముందు చేయాలో, ఏది చేయకూడదో తేల్చుకునే శక్తికి శరీరధర్మ శాస్త్రం, ఔషధ శాస్త్రం, ఆసుపత్రి వార్డుల్లో గడిపిన వందల గంటలు కావాలి. కళాశాల స్థాయి చదువు అవసరమయ్యేది అక్కడే.

ఈ మాటను పరీక్షించి చూడడానికి హైదరాబాదులోని లింగంపల్లి మంచి చోటు. 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మొదలైనప్పటి నుంచి ఈ స్టేషన్ నగరపు పడమటి గుమ్మంగా మారింది. కాకినాడ వెళ్లే గౌతమి, తిరుపతి వెళ్లే నారాయణాద్రి ఇక్కడి నుంచే బయలుదేరుతున్నాయి. ఒకవైపు రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ కర్మాగారం, ముంబై వెళ్లే జాతీయ రహదారి. మరోవైపు హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఆ పైన గచ్చిబౌలి, హైటెక్ సిటీ కార్యాలయాలు. మధ్యలో నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు ఎత్తైన అపార్టుమెంట్లు, వాటిని కట్టడానికి ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చిన కూలీల రేకుల షెడ్లు, కోచింగ్ కోసమో ఉద్యోగం కోసమో వచ్చిన పిల్లలతో నిండిన హాస్టళ్లు. రాత్రిళ్లు మేలుకుని కుర్చీలోంచి లేవకుండా పనిచేసే యువకులు, ఇరవయ్యో అంతస్తు సారవ మీద నిలబడే మేస్త్రీలు, హైవే దాటే పాదచారులు, నెలలు నిండిన గర్భిణులు అందరూ ఈ కొద్ది చదరపు కిలోమీటర్లలోనే ఉన్నారు. ఎమర్జెన్సీ పాఠ్యపుస్తకంలోని దాదాపు ప్రతి అధ్యాయానికీ ఇక్కడ రోగి దొరుకుతాడు. గట్టి వాన పడితే రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి. అలాంటి సాయంత్రం అటు నుంచి ఇటు రావడానికి ఎంతసేపు పడుతుందో స్థానికులకు వేరే చెప్పక్కర్లేదు. పెద్ద ఆసుపత్రులు దగ్గరే ఉన్నా కాలం మాత్రం దగ్గర కాదు.

ఆ కాలం విలువ గుండె ఆగినప్పుడు తెలుస్తుంది. మన శరీర బరువులో మెదడు వాటా రెండు శాతం మించదు, ఒంటికి అందే ప్రాణవాయువులో మాత్రం ఐదో వంతు అదే వాడుకుంటుంది. దానికి నిల్వలు లేవు. గుండె ఆగిన పది, ఇరవై సెకన్లలో స్పృహ పోతుంది. నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. హఠాత్తుగా గుండె ఆగిన పెద్దవాళ్లలో చాలామందికి మొదట జరిగేది వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్. అంటే గుండె కండరం పూర్తిగా ఆగదు. లయ తప్పి, రక్తాన్ని నెట్టలేక వణుకుతుంది. ఆ వణుకును ఆపి అసలు లయకు అవకాశమిచ్చేది డిఫిబ్రిలేటర్ పంపే విద్యుత్ ఘాతం. ఛాతీ నొక్కకుండా ఊరుకుంటే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం ఏడు నుంచి పది శాతం తగ్గుతుందని అంచనా. నొక్కడం మొదలుపెడితే ఆ పతనం నెమ్మదిస్తుంది.

ఛాతీ నొక్కడం పైకి సులువుగానే కనిపిస్తుంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు నుంచి ఆరు సెంటీమీటర్ల లోతున, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేచేలా చేయాలి. సరిగ్గా చేసినా మామూలు రక్తప్రసరణలో పావు వంతు, మూడో వంతు మాత్రమే సాధ్యమవుతుంది. ఛాతీ పైకి లేవడం మీద అంత పట్టుదల ఎందుకంటే, గుండె కండరానికి రక్తం అందేది ప్రధానంగా గుండె సడలినప్పుడే. పూర్తిగా వదలకుండా నొక్కితే మెదడుకు కొంత రక్తం పోవచ్చు గాని గుండెకే రక్తం అందదు. మధ్యలో ఒక్కసారి ఆగితే పడిపోయిన పీడనం మళ్లీ పైకి రావడానికి ఎన్నో నొక్కులు పడుతుంది. రోగిని స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు, లిఫ్టులో దించేటప్పుడు వచ్చే విరామాలు ప్రాణాంతకమయ్యేది ఇందుకే. పన్నెండో అంతస్తు నుంచి ఇరుకు లిఫ్టులో రోగిని కిందికి తేవాల్సిన నల్లగండ్ల వంటి చోట ఇది రోజూ ఎదురయ్యే చిక్కు. ఎక్కడ పడ్డారో అక్కడే నొక్కడం కొనసాగించి, డిఫిబ్రిలేటర్‌ను పైకే తీసుకెళ్లాలన్న నిర్ణయం ఈఎంటీదే. బంధువులు మాత్రం ‘ముందు ఆసుపత్రికి తీసుకుపోండి’ అని తొందరపెడుతుంటారు.

ఐటీ కారిడార్ పాఠకులకు నచ్చే సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఛాతీ నొక్కి రక్తాన్ని నడిపించవచ్చని లోకానికి చాటిన ముగ్గురిలో ముఖ్యుడు విలియం కూవెన్‌హోవెన్ వైద్యుడు కాదు, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు. డిఫిబ్రిలేటర్ ప్రయోగాలు చేస్తుండగా, బరువైన లోహపు పలకలను కుక్క ఛాతీకి గట్టిగా అదిమినప్పుడల్లా రక్తపోటు కాస్త పెరుగుతోందని ఆయన బృందంలోని నికర్‌బాకర్ గమనించాడు. శస్త్రవైద్యుడు జేమ్స్ జూడ్‌తో కలిసి వాళ్లు 1960లో ప్రచురించిన వ్యాసమే నేటి సీపీఆర్‌కు ఆధారం. నోటితో శ్వాస ఇచ్చే పద్ధతిని అంతకు కొద్ది ముందు మత్తు వైద్యుడు పీటర్ సఫార్ ప్రయోగాలతో నిరూపించాడు. నార్వేలో ఆటబొమ్మలు చేసే ఆస్మండ్ లేర్డాల్ నేర్చుకునేవాళ్ల కోసం 1960లో మనిషి సైజు బొమ్మను తయారుచేశాడు. శిక్షణ గదుల్లో నేటికీ విద్యార్థులు నొక్కేది ఆ బొమ్మ సంతతినే.

బొమ్మ మీద నేర్చుకోగలిగినవన్నీ కొన్ని వారాల్లో వస్తాయి. తల వెనక్కి వంచి గడ్డం పైకెత్తి శ్వాసమార్గం తెరవడం, మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే తల కదపకుండా దవడను మాత్రమే ముందుకు నెట్టడం, అంబు బ్యాగ్ మాస్కును గాలి పోకుండా ముఖానికి పట్టడం, సక్షన్ చేయడం, చేతికి కాన్యులా పెట్టడం, సెర్వైకల్ కాలర్ కట్టడం, విరిగిన కాలికి బద్దలు కట్టడం, రక్తస్రావాన్ని అదిమి ఆపడం వంటివి. ఇవేవీ చిన్న విషయాలు కావు. కేవలం వీటితోనే 108 సిబ్బంది నిలబెట్టిన ప్రాణాలు లెక్కలేనన్ని. ఇబ్బంది వచ్చేది, ఆ చేతులు ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించాల్సి వచ్చినప్పుడు.

ఒక ఉదాహరణ అనుకుందాం. రాత్రి పదకొండు గంటలకు హైవే మీద బైకు జారి ముప్పై ఏళ్ల యువకుడు కింద పడ్డాడు. హ్యాండిల్ ఎడమ పక్కటెముకల కింద గుచ్చుకుంది. పైకి పెద్ద గాయం లేదు. లేచి కూర్చున్నాడు, మాట్లాడుతున్నాడు. ‘నాకేం కాలేదన్నా, ఇంటికి పోతా’ అంటున్నాడు. బీపీ 118/92. చుట్టూ చేరినవాళ్లకు, అంతంత మాత్రం నేర్చిన టెక్నీషియన్‌కు కూడా ఈ అంకె ధైర్యమిస్తుంది. చదువుకున్న కన్ను మరికొన్ని చూస్తుంది. నాడి నిమిషానికి 118. చర్మం చల్లగా, చెమటగా ఉంది. పై బీపీకి, కింది బీపీకి మధ్య నలభై దాకా ఉండాల్సిన తేడా ఇరవై ఆరే ఉంది. నాడి సంఖ్యను పై బీపీతో భాగిస్తే వచ్చే షాక్ సూచిక ఆరోగ్యవంతుల్లో 0.5 నుంచి 0.7 మధ్య ఉండాలి, ఇతనికి ఒకటి. లోపల ప్లీహం చిట్లి రక్తం కారుతోందన్న అనుమానానికి ఇవి చాలు.

బీపీ ఎందుకు పడిపోలేదన్నది శరీరధర్మ శాస్త్రం చెప్పాల్సిన సంగతి. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 15 శాతం, అంటే ముప్పావు లీటరు పోయినా బీపీ కదలకపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో దాదాపు 30 శాతం, అంటే లీటరున్నర పోయేవరకు శరీరం ఆ నష్టాన్ని కప్పిపెట్టగలదు. మెడలోని ధమనుల్లో ఉన్న పీడన గ్రాహకాలు లోటును పసిగడతాయి, అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, చర్మానికీ పేగులకూ వెళ్లే సన్నని ధమనులు ముడుచుకుంటాయి. వేసవిలో అపార్టుమెంటు ట్యాంకులో నీళ్లు తగ్గినప్పుడు వాచ్‌మన్ కొన్ని ఫ్లాట్ల వాల్వులు కట్టేసి మిగిలిన పైపుల్లో ధార నిలబెట్టినట్టే ఇదీను. ధార చూసి ట్యాంకు నిండుగా ఉందనుకుంటే పొరపాటు. కింది బీపీ పెరిగి తేడా తగ్గడానికీ, చర్మం చల్లబడడానికీ కారణం ఆ కట్టేసిన వాల్వులే. ఒక హద్దు దాటాక ఈ సర్దుబాటు ఒక్కసారిగా కూలిపోతుంది. రోడ్డు మీద మాట్లాడుతున్న మనిషి ఆసుపత్రి గేటు దగ్గర ప్రాణం వదలడం వెనక తరచుగా ఉండేది ఈ క్రమమే. బీపీ మాత్రల్లో కొన్ని, ముఖ్యంగా బీటా బ్లాకర్లు, గుండె వేగాన్ని పెరగనివ్వవు. అందుకే అరవై ఏళ్ల పెద్దాయనకు ఇదే ప్రమాదం జరిగితే నాడి కూడా అబద్ధం చెబుతుంది. ఆయన ఏ మందులు వాడుతున్నారో అడగడం ఒక లాంఛనం కాదు.

ఇప్పుడేం చేయాలి? సెలైన్ సీసాలు వరసగా ఎక్కించడం ఒకప్పటి అలవాటు. రక్తం గడ్డకట్టే పదార్థాలను ఆ ఉప్పునీరు పలచబరుస్తుంది, ఒంటిని చల్లబరుస్తుంది, పీడనం పెంచి అప్పుడే నిలిచిన రక్తస్రావాన్ని మళ్లీ మొదలుపెట్టిస్తుంది. అందుకని రక్తస్రావం లోపల ఉన్నప్పుడు పై బీపీని 80, 90 దగ్గర నిలిపితే చాలని నేటి అవగాహన. అయితే అదే మనిషికి తలకూ దెబ్బ తగిలి ఉంటే ఈ లెక్క తిరగబడుతుంది. గాయపడిన మెదడుకు తక్కువ బీపీ విషం వంటిది, అక్కడ 110 పైన ఉండేలా చూడాలి. ట్రానెక్సామిక్ ఆమ్లం అనే చవక మందును మూడు గంటల్లోపు ఇస్తే రక్తస్రావ మరణాలు తగ్గుతాయని 40 దేశాల్లో ఇరవై వేలమందికి పైగా రోగులతో జరిగి 2010లో వెలువడిన క్రాష్-2 పరిశోధన చూపింది. మూడు గంటలు దాటాక ఇస్తే మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. ఇలా ప్రతి సూత్రం వెనకా ఒక ‘అయితే’ ఉంటుంది. వారాల శిక్షణలో సూత్రమే నేర్పగలరు.

మందుల విషయంలో ఈ ‘అయితే’ మరీ పదునైనది. గుండె ఆగిన రోగికి అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము పలచన చేసి నరంలోకి ఇస్తారు. ఇంజెక్షనో, కందిరీగ కుట్టడమో పడక ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడని రోగికి అదే అడ్రినలిన్ అర మిల్లీగ్రాము తొడ కండరంలోకి ఇస్తారు. రెండోదాన్ని మొదటిదానిలా నరంలోకి ఎక్కిస్తే, కొట్టుకుంటున్న గుండె లయ తప్పవచ్చు. ఆంప్యూల్ రెండింటికీ ఒకటే. వికారాబాద్, శంకర్‌పల్లి వైపు పొలాల్లో పురుగుమందు తాగినవాళ్ల సంగతి చూడండి. ఆర్గానోఫాస్ఫేట్ విషానికి విరుగుడుగా అట్రోపిన్ ఇస్తూ పోవాలి, కానీ ఎక్కడ ఆపాలి? కంటిపాప వెడల్పయిందని ఆపేస్తే తప్పు. ఊపిరితిత్తుల్లో స్రావాలు ఆరి, ఛాతీ శబ్దం తేటపడి, గుండె వేగం, బీపీ నిలదొక్కుకునేదాకా ఇవ్వాలి. ఆ రోగి బట్టలు విప్పి ఒళ్లు కడగకుండా బండిలో కూర్చుంటే విషం టెక్నీషియన్ చర్మం గుండా కూడా ఎక్కుతుంది.

గుండెపోటు మన దగ్గర చాలాసార్లు ‘గ్యాస్’ పేరుతో వస్తుంది. ఆయాసం, చెమట, పొట్ట పైభాగంలో మంట, దవడ లాగడం, ఎడమ చెయ్యి తిమ్మిరి అంటూ ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతారు. మధుమేహం ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, నొప్పే ఉండకపోవచ్చు. పన్నెండు లీడ్ల ఈసీజీ తీసి చదవగలిగితే సందేహం తీరుతుంది. గుండె కింది గోడకు సంబంధించిన లీడ్లలో మార్పు కనిపిస్తే కుడి జఠరిక కూడా దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు అలవాటుగా నాలుక కింద నైట్రేట్ మాత్ర పెడితే బీపీ కుప్పకూలే ప్రమాదముంది. ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలన్న నిర్ణయమూ ఆ ఈసీజీ మీదే ఆధారపడుతుంది. దగ్గరున్న ఆసుపత్రా, యాంజియోప్లాస్టీ చేయగల ఆసుపత్రా? పక్షవాతమైతే లెక్క మరోలా ఉంటుంది. గడ్డ కరిగించే మందుకు నాలుగున్నర గంటల గడువుంది, అదీ లక్షణాలు మొదలైన క్షణం నుంచి. కానీ అంతకంటే ముందు వేలి కొసన రక్తం తీసి చక్కెర చూడాలి. చక్కెర పడిపోయిన మనిషి నోరు వంకరపోయి, చెయ్యి చచ్చుబడి, అచ్చం పక్షవాతంలాగే కనిపించవచ్చు. గ్లూకోజు ఎక్కిస్తే కొన్ని నిమిషాల్లో లేచి కూర్చుంటాడు. గ్లూకోమీటర్ పక్కనే ఉన్నా దాన్ని తీయాలని తట్టకపోవడం చదువులోని లోటే.

ఇంత చెప్పాక రెస్పాన్స్ సెంటర్‌లోని డాక్టరును గురించి ఎవరైనా అడగవచ్చు. 108లో ఆ ఏర్పాటు మొదటి నుంచీ ఉంది. బండిలోంచి ఫోన్ చేస్తే డాక్టరు సలహా చెబుతారు. మంచి ఏర్పాటు. కానీ డాక్టరు వినేది ఈఎంటీ చూసిందే. నాడి వేగాన్నీ, రెండు బీపీల మధ్య తేడానూ గమనించని మనిషి ఫోన్‌లో ‘బీపీ నార్మలే సార్’ అంటే అటువైపున్న డాక్టరు చదువంతా వృథా.

కాన్పుల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 108కు వచ్చే పిలుపుల్లో గర్భిణులవి పెద్ద వాటా. బండిలోనే బిడ్డ పుట్టడం పత్రికలకు ఇప్పుడు వార్తే కాదు. కాన్పు చాలావరకు తనంతట తానే జరిగిపోతుంది. తొందరపడకుండా ఉండడమే నేర్పు. అసలు నేర్పు కావాల్సింది ఆ తరవాతి నిమిషాల్లో. బిడ్డను వెంటనే తుడిచి ఆరబెట్టి తల్లి గుండెలకు చర్మానికి చర్మం తగిలేలా ఆనించాలి, ఏసీ ఆపాలి. ఏడవకపోతే ఒక నిమిషంలోపు మాస్కుతో శ్వాస అందించాలి. నవజాత శిశువులో గుండె మందగించడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఊపిరే. తల్లికి గర్భసంచి గట్టిపడకపోతే నిమిషాల్లో లీటరు రక్తం పోతుంది. పొత్తికడుపు మీద మర్దన చేయడం, ఆక్సిటోసిన్ ఇవ్వడం, పోయిన రక్తాన్ని కంటితో సరిగ్గా అంచనా వేయడం రావాలి. ఆ అంచనా సాధారణంగా తక్కువకే తప్పుతుంది. ప్రసూతి వార్డులో నెలల తరబడి నిలబడితే తప్ప ఆ కన్ను రాదు.

ఈ చదువును ఒక బస్తీలోంచి మొదలుపెట్టిన చరిత్ర అమెరికాలో ఉంది. అక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీ 1966లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలోని అంబులెన్సుల్లో సుమారు సగం శవసంస్కారాలు జరిపే సంస్థలవే. పడుకోబెట్టి తీసుకెళ్లగలిగే పొడవాటి బండ్లు వాళ్ల దగ్గరే ఉండేవి మరి. 1967లో పిట్స్‌బర్గ్‌లో ఇందాకటి పీటర్ సఫారే హిల్ డిస్ట్రిక్ట్ అనే పేద నల్లజాతి వాడలోని యువకులను చేరదీశాడు. వాళ్లలో చాలామందికి ఉద్యోగం లేదు, కొందరికి హైస్కూలు చదువూ పూర్తికాలేదు. సుమారు 300 గంటల పాటు శరీర నిర్మాణం, శ్వాసమార్గ నిర్వహణ, ప్రసూతి, డ్రైవింగ్ నేర్పి, ఆసుపత్రి వార్డుల్లో తిప్పి బండెక్కించాడు. ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ అని ఆ సేవకు పేరు. తరవాత దాని వైద్య పర్యవేక్షణ చేపట్టిన నాన్సీ కెరొలిన్ ఆ అనుభవంతో రాసిన పాఠ్యప్రణాళిక దేశమంతటి పారామెడిక్ శిక్షణకు పునాది అయింది. నగర పాలకులు 1975లో ఆ సేవను మూసేసి సొంత అంబులెన్సులు పెట్టుకున్నారు, మొదలుపెట్టినవాళ్లను పక్కకు నెట్టారు. ఆ అన్యాయం సంగతి వేరే రాయాల్సిందే. కానీ పేదవాడ పిల్లలు ఉన్నత వైద్య నైపుణ్యాన్ని అందుకోగలరన్నది అక్కడ తేలిపోయింది.

నేడు అమెరికాలో ఈ చదువు ఎక్కువగా దొరికేది కమ్యూనిటీ కళాశాలల్లో. ఈఎంటీ కోర్సు సుమారు 150 గంటలు. పారామెడిక్ కావాలంటే మరో 1,200 నుంచి 1,800 గంటలు. సాధారణ విద్యాంశాలు కలుపుకుంటే రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ. తక్కువ ఫీజు, ఇంటికి దగ్గర, పగలు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం తరగతులు. తరగతి గది, ల్యాబ్, ఆసుపత్రి, అంబులెన్స్ అనే నాలుగు చోట్ల శిక్షణ సాగుతుంది. చివరి దశలో విద్యార్థే బండికి నాయకత్వం వహిస్తాడు, అనుభవజ్ఞుడు పక్కన మౌనంగా కూర్చుని గమనిస్తాడు. బ్రిటన్ ఇంకో అడుగు వేసి 2021 నుంచి పారామెడిక్ నమోదుకు డిగ్రీ స్థాయి చదువును కనీస అర్హత చేసింది.

మన దగ్గరా ముడిసరుకంతా సిద్ధంగానే ఉంది. 2007లోనే ఈఎంఆర్ఐ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్య విభాగం కలిసి మేడ్చల్ దారిలోని దేవరయాంజాల్ ప్రాంగణంలో రెండేళ్ల పోస్ట్ గ్రాడ్యుయేట్ ఎమర్జెన్సీ కేర్ కోర్సును ఆరంభించాయి.  2013లో యూజీసీ కమ్యూనిటీ కళాశాలల పథకాన్ని తెచ్చింది. స్థానిక పరిశ్రమతో కలిసి స్థానిక యువతకు వృత్తివిద్య నేర్పడం దాని ఉద్దేశం. 2021 మార్చిలో జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం వచ్చింది. ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్, అడ్వాన్స్ కేర్ పారామెడిక్ అనే వృత్తులను ఆ చట్టం తన జాబితాలో పేరు పెట్టి చేర్చింది. అనుబంధ ఆరోగ్య వృత్తిదారుకు రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటలు, ఆరోగ్య సంరక్షణ వృత్తిదారుకు మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల చదువు ఉండాలంది. రెండు వేల గంటలంటే దాదాపుగా ఒక కమ్యూనిటీ కళాశాల రెండేళ్ల చదువే. చట్టం అంకె చెప్పింది, కళాశాలలు ఇంకా ఆ అంకెకు తగ్గట్టు కదలాలి. ఇంటర్ బైపీసీ పూర్తిచేసి నీట్‌లో సీటు రాని పిల్లలు ఏటా వేలల్లో ఉండగా వాళ్లకు మనం చూపే దారి ల్యాబ్ టెక్నీషియన్ దగ్గరో, డయాలసిస్ దగ్గరో ఆగిపోవడం విచిత్రం.

లింగంపల్లిలో ఇలాంటి కళాశాల పెడితే తరగతి గది కష్టం కాదు, బొమ్మలు కొనడమూ కష్టం కాదు. అసలు కొరత రోగి పక్కన నిలబడే చోటు. మత్తు వైద్యుడి పర్యవేక్షణలో ఆపరేషన్ థియేటర్‌లో శ్వాసనాళంలో గొట్టం వేయడం నేర్చుకోవడానికి ఎంబీబీఎస్ హౌస్‌సర్జన్లు, పీజీలు, నర్సింగ్ విద్యార్థులు అప్పటికే వరసలో ఉంటారు. కొండాపూర్ ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డూ, క్యాజువాలిటీ, నల్లగండ్ల, గచ్చిబౌలి కార్పొరేట్ ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలూ తమ షిఫ్టుల్లో ఇంతమంది పారామెడిక్ విద్యార్థులకు చోటిస్తామని ఒప్పందం రాసివ్వకపోతే ఆ డిగ్రీ కాగితమే. కార్పొరేట్ ఆసుపత్రికి ఇందులో స్వలాభమూ ఉంది. సరిగ్గా తీసిన ఈసీజీ ముందే ఫోన్‌కు చేరితే యాంజియోప్లాస్టీ చేసే క్యాథ్ ల్యాబ్‌ను రోగి వచ్చేలోపు సిద్ధం చేసుకోవచ్చు. ఇక పాఠ్యప్రణాళికలో హిందీలో రోగిని అడగడం ఒక అంశంగా ఉండాలి. సారవ మీంచి పడిన ఒడియా కూలీకి మెడ నొప్పి ఉందో లేదో తెలుగులో అడిగి తేల్చలేం.

అన్నిటికంటే ముందు చేరాల్సినవాళ్లు కొత్త పిల్లలు కాదు, ఇప్పటికే పన్నెండు గంటల షిఫ్టుల్లో బండ్ల మీద తిరుగుతున్న ఈఎంటీలు. జీతాల కోసం, పని గంటల కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాళ్లు పలుమార్లు సమ్మెకు దిగారు. పదేళ్లు పనిచేసినా ఎక్కడానికి పై మెట్టు లేని ఉద్యోగంలో మంచివాళ్లు నిలవరు. వాళ్లు చేసిన కాన్పులకు, పెట్టిన కాన్యులాలకు, మోసిన రాత్రులకు పరీక్ష పెట్టి క్రెడిట్లు ఇచ్చి, శరీరధర్మ శాస్త్రం, ఔషధ శాస్త్రం, ఈసీజీ, మిగిలిన వార్డు గంటలు మాత్రం పూర్తిచేయించి డిగ్రీ చేతికివ్వవచ్చు. సీపీఆర్ నైపుణ్యం నేర్చిన కొన్ని నెలలకే తగ్గడం మొదలవుతుందని పరిశోధనలు పదేపదే చూపాయి కాబట్టి డిగ్రీ వచ్చాక కూడా ఏడాదికి రెండుసార్లు వాళ్లను ల్యాబ్‌కు పిలవాలి. ఆ రోజులు డ్యూటీ కింద లెక్కగట్టాలి, సెలవు కింద కాదు. ఎంఎంటీఎస్ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యే తరగతి ఉంటే సనత్‌నగర్, సికింద్రాబాద్ బండ్లవాళ్లు డ్యూటీ దిగి రాగలరు.